జమానతు

బేస్తవారం రాత్రి పట్కపోయిండ్రు మా రాజలింగును.
నలభై డబ్బల టైల్సుకు సంతకం పెట్టిండట,
గోదాంల దిగినయి ముప్పై ఒకటి.
కాయితం అరబ్బీల ఉన్నది.
తొమ్మిది డబ్బలు ఎటువోయినయో
ఆ కాయితానికి తెలుసు, మా తమ్మునికి తెల్వది.

షార్జాల శుక్రారం ఆఫీసులు తెరువయి.
శనారం తెరువయి. ఐతారం తెరువయి.
ఫోనొక్కటే తెరిచి ఉన్నది.
"అక్కా, అన్నం తిన్న" అన్నడు. ఒక్క నిమిషమే ఇచ్చిండ్రట,
దాన్ని ఒక అబద్ధానికి ఖర్చు వెట్టిండు.

రోలా కాడ చాయ్ దుకాన్ల ఒకడు దొరికిండు.
అత్తరు వాసన, రెండు ఫోన్లు.
"లోపల మనోళ్లున్నరక్కా. ఐదు వేల దిర్హమ్‌లు,
రేపు పొద్దుగూకేసరికి నీ తమ్ముడు నీ ముంగట."
రశీదిస్తవా అన్న.
నవ్విండు. నమ్మకమే రశీదన్నడు.
ఇరవై ఏండ్లు బీడీలు చుట్టినదాన్ని నేను,
కట్టల ఎన్ని తక్కువున్నయో ముట్టుకుంటె చెప్త.
ఆని నవ్వుల రెండు మూడు తక్కువున్నయి.

టైపింగ్ సెంటర్ కుంజుమోన్ చెప్పిండు, వచ్చీరాని హిందీల:
వకీలైతే నంబరుంటది, గోడకు లైసెన్సుంటది,
ముద్ర గుద్దిన రశీదుంటది.
అవి లేనోడు ఎంత తియ్యగ మాట్లాడితె అంత దూరం జరుగు.
ఠాణాల అడిగేది పైసలు గాదమ్మా, పాసుపోర్టు.
ఇంకొకని పాసుపోర్టు.
ఈడు రాకుంటె నేనున్న అనేటోనిది.
దరఖాస్తు కొట్టిండు, పదిహేను దిర్హమ్‌లు తీస్కున్నడు,
అడగకముందే
రశీదు చింపి ఇచ్చిండు.

పాసుపోర్టు.
నాది నర్సరీ మేడం బీరువల ఉన్నది,
ఆయాలందరియి ఒక్క రబ్బరుబ్యాండుల.
అడిగితె, "నువ్వు మంచిదానివి, నీకెందుకీ లొల్లి" అన్నది.
తమ్ముని రూముల పదకొండు మంది,
ఒక్క గంజుల తిన్నోళ్లు.
అందరియి కంపెనీ తిజోరిల.
ఇద్దామంటె చేతుల లేదక్కా అన్నరు.
నిజమే అన్నరు. ఇద్దరు ముగ్గురు మాత్రం
లేకపోవుడే మంచిదైందన్నట్టు అన్నరు.

తిరిగి తిరిగి అప్పుడు సమజైంది నాకు.
ఈడ పాసుపోర్టు చేతికొచ్చేది
పోయేటోనికే.

పోయేటోడు ఓదెలు.
మంగళారం విమానం, నాలుగేండ్ల తర్వాత.
ఊర్లె స్లాబు పోసుడున్నది, సెంట్రింగు కొట్టి పెట్టిండ్రు,
కట్టెల కిరాయి దినదినం ఎక్కుతున్నది.
ఆనికీ మా రాజలింగుకూ ఆర్నెల్లసంది మాటల్లేవు,
గ్యాసుబుడ్డి పైసల కాడ.
నేను అడగలే. అడిగే మొకం లేక
పెట్టెకు కట్టిన తాడు దిక్కు చూస్కుంట నిలవడ్డ.
ఆడే తాడు ఇప్పిండు.
కొత్త తువ్వాలల నడుమకెళ్లి నీలంబుక్కు తీసి,
"ఆడు లేకుంటె ఆని వంట వంతు నా మీద పడ్డది" అన్నడు,
"ఎన్ని దినాలని చెయ్యాలె పప్పు?"

సోమారం ఠాణాల
పోలీసాయన ఫోటోను చూసిండు, మనిషిని చూసిండు.
సొరుగుల ఏసి మూసిండు.
ఎంతో చప్పుడు గాలే.
ఓదెలు అంగిజేబు ఒక్కపారి తడుముకొని
చెయ్యి తీసేసిండు.
రాజలింగు వచ్చిండు, బెల్టు లేదు, ప్యాంటు పట్టుకొని.
ఇద్దరూ ఒకలనొకలు చూస్కోలే.
ట్యాక్సిల ముందొకడు, ఎన్కొకడు,
ఎన్క సీట్ల నేను రశీదు లెక్క మడత వెట్టిన కాయితం పట్టుకొని.

మంగళారం వంట వంతు మా తమ్మునిది.
నేనూ ఆడనే తిన్న. ఉప్పెక్కువైంది.
ఓదెలు తిన్నడు, నీళ్లు తాగిండు, మల్ల పెట్టుకున్నడు.
"గ్యాసు అయిపోవచ్చింది" అన్నడు గోడతోని.
"రేపు తెస్త" అన్నడు రాజలింగు, అదే గోడతోని.
పేశీ వచ్చే నెల పద్దెనిమిదికి.
రూము మీదికెళ్లి విమానం పోయింది,
ఎవ్వలూ తలెత్తలే.
కట్టెల కిరాయి అప్పటికి ఎంతైతదో
నేను గిన్నె కింద వేళ్లు ముడుసుకుంట లెక్కవెడుతున్న.